తప్పిన గుండ్లు కూడా రాద్దాం

మన పేజీలో ఇప్పటిదాకా వేట కథలు నాలుగు వచ్చాయి. మొన్న సెలవు రోజున నాలుగూ వరసగా మళ్లీ చదివాను. పెద్దపులి ఒకటి, చిరుత ఒకటి, కణుజు ఒకటి, అడవి పంది ఒకటి. నాలుగింట్లోనూ పేలింది ఒక్కటే గుండు. "తాత తుపాకి ఎత్తిండు, ఒకటే దెబ్బ, అక్కడికక్కడే పడ్డది." దూరం ఎంతో రాయలేదు. వెలుతురు ఉందో లేదో రాయలేదు. అంతకుముందు రోజు ఏం జరిగిందో అసలే లేదు. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నాలుగు టెస్టులకు నాలుగూ పాస్ అని రిపోర్టు వస్తే నేను మొదట అడిగేది, "ఫెయిల్ అయినవి ఎక్కడ పెట్టారు?" అనే.

పెద్దలు కోపం తెచ్చుకోకండి. తాతను తక్కువ చేయడానికి రాయట్లేదు. ఇప్పుడే ఎందుకంటే, తుపాకి లైసెన్సు పెద్దనాయన పేరు మీద ఉంది. ఆయనకు వయసు మీద పడింది. ఎవరి పేరుకు మార్చాలి, అసలు ఉంచాలా వద్దా అని ఇంట్లో రెండు నెలలుగా మాటలు నడుస్తున్నాయి. అందులో మా బావ ఒక మాట అన్నాడు: "అది తేలిక తుపాకి, గురి తప్పదు. ఇంట్ల ఉండాలె." ఉండాలా వద్దా అనేది తర్వాత చూద్దాం. "తేలిక కాబట్టి గురి తప్పదు" అన్న మాట మాత్రం అలా వదిలేయడం నాకు చేతకాలేదు.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక ముక్క. మా నాన్న ఉద్యోగం వల్ల సిరొంచ వదిలి రాయచూరు వైపు వెళ్లారు. నా బడి అంతా కన్నడ మీడియమే. తెలుగు నాయనమ్మ దగ్గర మాట్లాడటం, ఆ తర్వాత సొంతంగా చదవడం. కాబట్టి నా తెలుగులో కన్నడం తొంగిచూస్తే సర్దుకోండి. మా బడిలో తుపాకిని కోవి అనేవాళ్లు. గురి మాత్రం రెండు భాషల్లోనూ గురే.

ముందు తుపాకి సంగతి. తాతది .315 రైఫిల్, ఇషాపూర్ ఫ్యాక్టరీది. సైన్యం వాడే .303 తూటాను మామూలు జనం చేతికి ఇవ్వకూడదని బ్రిటిష్ కాలం నుంచీ నిషేధం ఉంది. అందుకని వేటగాళ్ల కోసం ఈ .315 వచ్చింది. దేశంలో లైసెన్సు మీద ఉన్న రైఫిళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. లోపలి పనితనం పాత లీ ఎన్‌ఫీల్డ్‌దే. పైన చెక్క తగ్గించి, గొట్టం పొట్టిగా పెట్టి వేటకు తగ్గట్టు చేశారు. మూడున్నర కిలోలకు అటూ ఇటూ. భుజానికి వేసుకుని రోజంతా అడవిలో తిరగడానికి హాయి. తాత దాన్ని ఎంచుకున్నది అందుకే అయి ఉంటుంది. నడకకు మంచిది అంటే నేనూ ఒప్పుకుంటాను. గురికి మంచిది అంటేనే పేచీ.

ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ చూడండి. 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది అందులోనే. ఆ రైఫిల్ 5.5 కిలోలు మించకూడదని నియమం. బరువు తగ్గితే గురి పెరిగేదైతే అలాంటి నియమం పెట్టే పనే లేదు. బరువైన తుపాకి చేతిలో నిదానంగా ఊగుతుంది. తేలికది మన ఊపిరికి, గుండె కొట్టుకోవడానికి, వేలు కదలికకు వెంటనే స్పందిస్తుంది. భుజం దగ్గర తుపాకి కదలకుండా ఉండి, మీటరు అవతల ఉన్న మూతి ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి. 100 మీటర్ల దగ్గర అది 10 సెంటీమీటర్లు. దుప్పి గుండెకూ కడుపుకూ మధ్య తేడా అంతే.

ట్రిగ్గర్ ఇంకొక తలనొప్పి. ఇలాంటి పాత సైనిక తరహా ట్రిగ్గర్ నొక్కడానికి రెండు కిలోల పైన బలం కావాలి. తుపాకి మొత్తం బరువే మూడున్నర కిలోలు. అంటే వేలుతో లాగే బలం తుపాకి బరువులో సగం దాటుతుంది. చెయ్యి గట్టిగా పట్టకపోతే వేలు ట్రిగ్గర్‌ను కాదు, తుపాకినే లాగుతుంది.

ఆ తర్వాత తన్ను. గుండు గొట్టం దాటి బయటికి రావడానికి సెకనులో వెయ్యో వంతు, కాస్త పైన. అంతలోనే తుపాకి వెనక్కి కదలడం మొదలుపెడుతుంది. పదహారు గ్రాముల గుండు గొట్టంలో అర మీటరు ముందుకు పోయేలోపు మూడున్నర కిలోల తుపాకి రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి వస్తుంది. భుజానికి ఆనే భాగం గొట్టం కంటే కిందుగా ఉంటుంది కాబట్టి మూతి పైకి లేస్తుంది కూడా. అంటే గుండు ఇంకా లోపల ఉండగానే తుపాకి కదులుతోంది. ఎలా కదులుతుందనేది మనం ఎలా పట్టుకున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. నిన్న గట్టిగా, ఇవాళ వదులుగా పట్టుకుంటే రెండు గుండ్లు రెండు చోట్లకు పోతాయి. అదే తూటాను నాలుగున్నర కిలోల తుపాకిలో కాలుస్తే తన్ను శక్తి ఐదో వంతు కంటే కొంచెం ఎక్కువ తగ్గుతుంది. భుజం నొప్పి సంగతి అలా ఉంచండి, నాలుగో గుండుకి మనిషి కళ్లు మూసుకుని ట్రిగ్గర్ లాగడం మొదలవుతుంది. తన్నుకు భయపడని భుజం లేదు. ఉందన్నవాళ్లు ఎక్కువసార్లు కాల్చి ఉండరు.

మరి తేలిక తుపాకితో గురి రాదా అంటే, వస్తుంది. దాన్ని దానిలాగా పట్టుకోవాలి. గొట్టాన్ని దేనికీ ఆనించకూడదు, ముందు చెక్కను మాత్రమే మెత్తటి ఇసుక సంచి మీద పెట్టాలి. రాయి మీదో మంచె కర్ర మీదో నేరుగా పెడితే ఎగిరి గుండు పైకి పోతుంది. ఎడమ చేత్తో ముందు చెక్కను పట్టి ఉంచాలి, ప్రతిసారీ అంతే బిగింపు. చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనాలి. గుండుకీ గుండుకీ మధ్య గొట్టం చల్లారనివ్వాలి, సన్న గొట్టం తొందరగా వేడెక్కుతుంది, వేడెక్కితే గుండ్లు ఒక పక్కకు జరుగుతూ పోతాయి. తూటాలు ఒకే బ్యాచ్‌వి ఉండాలి. తూటా లేకుండా ఖాళీ తుపాకితో ట్రిగ్గర్ సాధన వందలసార్లు చేయాలి. ఖర్చు లేదు, తన్ను లేదు, వేలి తప్పు మాత్రం కంటికి కనిపిస్తుంది.

సిరొంచలో ఇంకొక చిక్కు ఉంది. ఈ తరహా తుపాకిలో గొట్టానికీ చెక్కకూ ఉండే ఒత్తిడి మీద గురి ఆధారపడుతుంది. గోదావరి, ప్రాణహిత కలిసే చోట వానాకాలం ఎలా ఉంటుందో మీకు చెప్పాలా, తలుపులే ఉబ్బి మూసుకోవు. తుపాకి చెక్క కూడా తలుపు లాంటి చెక్కే. ఆగస్టులో సరిచేసిన గురి మే నెల ఎండకు అలాగే ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఎండాకాలం వేడికి తూటాలోని మందు కూడా కొంచెం ఎక్కువ వేగంగా మండుతుంది.

ఇక పరీక్ష విషయం, ఇది నా సబ్జెక్టు. "మూడు గుండ్లు కాలిస్తే మూడూ రూపాయి బిళ్ల మీద పడ్డయి" అని చెప్పుకోవడం అన్ని ఊళ్లలోనూ ఉంది. మూడు గుండ్లు పరీక్ష కాదు. లెక్క చూడండి: మూడు గుండ్ల గుంపు సగటున 5 సెంటీమీటర్ల వెడల్పు వచ్చే తుపాకి, అదే చేతుల్లో, అదే రోజు పది గుండ్లు కాలిస్తే దాదాపు 8 సెంటీమీటర్లు వస్తుంది. తుపాకి చెడిపోలేదు. మూడు గుండ్లకు తన నిజస్వరూపం చూపించే అవకాశం రాలేదంతే. పైగా జనం మూడేసి గుండ్లు నాలుగుసార్లు కాల్చి, అన్నిటికంటే చిన్న గుంపు ఉన్న కాగితం జేబులో పెట్టుకుంటారు. మా ఆఫీసులో ఎవరైనా అలా చేస్తే ఆ రిలీజ్ ఆగిపోతుంది.

వేట తుపాకికి తగిన పరీక్ష ఇంకోలా ఉండాలి. అడవిలో లెక్కలోకి వచ్చేది చల్లటి గొట్టంతో కాల్చిన మొదటి గుండు. కాబట్టి రోజుకు ఒకటే గుండు, పది వేర్వేరు రోజులు, ఒకే కాగితం మీద. వానలో రెండు రోజులు, ఎండలో రెండు రోజులు. బల్ల దగ్గర కూర్చుని కొన్ని, నేల మీద మోకాలి ఆసరాతో కొన్ని. పదో రోజు ఆ కాగితం మీద ఉన్న పది చిల్లుల్లో అన్నిటికంటే దూరంగా పడ్డది ఏదో, దానిదే మాట. ఆ కాగితం చూపిస్తే "మా తుపాకి గురి తప్పదు" అనే హక్కు ఎవరికైనా ఉంటుంది.

కర్ణాటకలో కొడగు వాళ్ల దగ్గర నాకు నచ్చేది ఇదే. సెప్టెంబరులో వాళ్లకు కైల్‌పోళ్దు అని ఆయుధ పూజ పండుగ. తుపాకులను పూలతో పూజిస్తారు, ఆ రోజుల్లో కొబ్బరికాయ కొట్టే పోటీలు పెడతారు. దూరంగా చెట్టుకు కట్టిన కాయను తుపాకితో కొట్టాలి. కాయ పగిలితే ఊరంతా చూస్తుంది. తప్పినా ఊరంతా చూస్తుంది. అక్కడ తాత కథ చెప్పడానికి ముందే మనవడికి స్కోరు తెలిసిపోతుంది. మన దగ్గర కథ మాత్రమే మిగిలింది, స్కోరు లేదు.

మనం ఉన్న నేల ఈ విషయంలో కొత్తదేం కాదు. 1860లో నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలు బ్రిటిష్ వాళ్లకు ఇచ్చాడు, సిరొంచ అప్పర్ గోదావరి జిల్లాకు కేంద్రం అయింది, ఆ తర్వాత చాందాలో కలిసింది. అదే రోజుల్లో సెంట్రల్ ప్రావిన్సెస్‌లో పనిచేసిన జేమ్స్ ఫోర్సిత్ అనే అధికారి 1863లో వేట రైఫిళ్లు, వాటి గుండ్ల గురించి ఒక పుస్తకమే రాశాడు. అప్పట్లో ఇంగ్లండులో ఫ్యాషన్ దూరపు గురి. ఫోర్సిత్ వాదన వేరు. అడవిలో మృగం కనిపించేది దగ్గర్లోనే, కాబట్టి ఆ దగ్గర దూరంలో నేరుగా, గట్టిగా కొట్టే తుపాకి కావాలి అన్నాడు. మన మాడియా వాళ్లు విల్లంబులతో తరతరాలుగా చేసింది ఇదే. వాళ్ల చేతుల్లోకి తర్వాత వచ్చిన భర్మార్ తుపాకికి గొట్టంలో మెలి గాళ్లు ఉండవు, మూతి నుంచి మందు, గుండు కూరాలి. దూరం పెరిగితే అది ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. అందుకని వాళ్లు గాలి చూసుకుని, ఆకు చప్పుడు కాకుండా దగ్గరికి పోవడం నేర్చుకున్నారు. తాత వెంట నడిచింది కూడా మాడియా మనుషులే. మన నాలుగు కథల్లో వాళ్ల ప్రస్తావన ఒక్క కథలో ఒక్క వాక్యం. తాతను ఇరవై గజాల దగ్గరికి చేర్చింది వాళ్లయితే, ఆ ఒక్క గుండు పేరులో సగం వాళ్లది కాదా?

ఇక్కడిదాకా ఇది ఇంటి గొప్పల పంచాయితీలా కనిపించవచ్చు. అంత చిన్నది కాదు, ఎందుకో చెప్తాను. తప్పిన గుండు అన్నిసార్లూ చెట్టుకు తగలదు. కొన్నిసార్లు జంతువుకు తగిలి, జంతువు బతుకుతుంది.

జిమ్ కార్బెట్ 1907లో చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని తిన్నదని లెక్క. చనిపోయాక నోరు తెరిచి చూస్తే కుడి వైపు కోరలు పైదీ కిందిదీ విరిగి ఉన్నాయి. పాత తుపాకి గాయం. మామూలు వేట జంతువును పట్టలేక మనుషుల మీద పడిందని కార్బెట్ అభిప్రాయం. ఆ గుండు కాల్చినవాడు ఎవరో లోకానికి తెలియదు. అతని ఇంట్లో కూడా ఆ గుండు గురించి కథ చెప్పుకుని ఉండరు. చెప్పుకున్నా, "కొట్టినం, పొదల్ల పడి పోయింది" అని ఉంటారేమో.

అదే కార్బెట్ తన తప్పిన గుండును రాసుకున్నాడు చూడండి. తన దగ్గర ఉన్న మూడు తూటాలూ అయిపోతే, తహసీల్దార్ చేతిలోని తుపాకి తీసుకుని ఇరవై అడుగుల దూరం నుంచి పులి తెరిచిన నోటికి గురిపెట్టాడు. గుండు పోయి ముందు కాలి పంజాకు తగిలింది. ఇరవై అడుగులు! దేశమంతా పేరున్న వేటగాడు, తనకు అలవాటు లేని తుపాకి, నోటికి పెడితే కాలికి. ఆ వేటకు మెచ్చి అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ హ్యూవెట్ ఆయనకు .275 రిగ్బీ బహుమతిగా ఇచ్చాడు. అదీ తేలిక రైఫిలే, జీవితాంతం వాడాడు. తేలిక రైఫిల్ అభిమానులంతా ఆ రిగ్బీ పేరు చెప్తారు. పంజాకు తగిలిన గుండు పేరు ఎవరూ చెప్పరు. నాకు మాత్రం ఆ పుస్తకంలో మిగతా అన్నిటినీ నమ్మేలా చేసింది ఆ పంజా గుండే.

ఇప్పుడు గడ్చిరోలిలోకి రండి. 2022లో సీటీ-1 అనే పులి గడ్చిరోలి, చుట్టుపక్కల జిల్లాల్లో 13 మందిని చంపింది. ఆ అక్టోబరులో వడసా అడవిలో మత్తు సూది కొట్టి పట్టుకున్నారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2018 నవంబరు 2 రాత్రి, యావత్మాల్ జిల్లాలో అవని అనే ఆడపులిని కాల్చి చంపినప్పుడు దేశమంతా వాదించుకుంది. ఆ కాల్చిన వేటగాడిది మన హైదరాబాదే. పులుల వల్ల పోయేది ఎవరు? పశువులు కాసేవాళ్లు, కట్టెలకు, ఇప్పపువ్వుకు, తునికాకుకు పోయేవాళ్లు. మన చుట్టాల్లోనూ తునికాకు కల్లాల మీద బతికినవాళ్లు ఉన్నారు. అడవిలో గాయపడ్డ జంతువును వదిలితే దాని ఖర్చు కాల్చినవాడి ఇంటికి రాదు, ఆకు తెంపే ఆమె ఇంటికి పోతుంది.

ఈ పులులను అప్పుడు ఎవరో గాయపరిచారని నేను అనట్లేదు. అడవి తగ్గడం, పులులు పెరగడం, కారణాలు చాలా ఉన్నాయి. నేను అనేది తాత కాలం గురించి. గోడ మీద తోలు ఉన్న జంతువుల కథలు మాత్రమే మనకు చేరాయి. గాయంతో నది దాటిపోయిన జంతువుకు తోలూ లేదు, ఫోటో లేదు, కథా లేదు. నాయనమ్మ మాత్రం ఒకసారి అంది, "మీ తాత రెండు దినాలు అన్నం ముట్టలే, దెబ్బతిన్న పంది దొరకలేదని." ఆ మాట ఆమె చెప్పింది కాబట్టి నాకు తెలుసు. రెండు రోజులు అన్నం మానేసిన మనిషి నాకు నాలుగు పులులు కొట్టిన మనిషి కంటే గొప్పగా కనిపిస్తాడు. ఆ కథ మన పేజీలో ఎందుకు లేదు?

సరే, తుపాకి విషయం. వేట ముగిసిన సంగతి అందరికీ తెలుసు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, తర్వాత సవరణలతో లైసెన్సు వేట కూడా పూర్తిగా పోయింది. మనిషి ప్రాణానికో పంటకో ప్రమాదం అయితే సెక్షన్ 11 కింద అధికారులు అనుమతిస్తేనే. కాబట్టి "అడవి పందుల కోసమైనా పనికొస్తది" అనే మాట అనుమతి కాగితం లేకుండా అనకండి. 1980లో దళాలు ప్రాణహిత దాటి ఇటు వచ్చాక ఇంట్లో తుపాకి ఉండటమే ప్రమాదం అయింది, అప్పటి నుంచి మనది ఎక్కువ కాలం జమలోనే ఉంది. ఈ మధ్య గడ్చిరోలి పల్లెల్లో జనం తమ భర్మార్ తుపాకులను పోలీసులకు అప్పగిస్తున్నారు. 2019 సవరణ తర్వాత ఒక మనిషి పేరు మీద రెండు తుపాకులు మించకూడదు, వారసత్వంగా వచ్చినదైనా ఆ లెక్కలోకే వస్తుంది. బావ పేరు మీద ఇప్పటికే ఎన్ని ఉన్నాయో బావే చెప్పాలి.

నా అభిప్రాయం ఇది. ఎవరి పేరుకు మార్చినా, ఆ మనిషి ఏడాదిలోగా అనుమతి ఉన్న రేంజ్‌లో పైన చెప్పిన పది రోజుల పరీక్ష చేయాలి. ముందు తుపాకిని తెలిసిన మిస్త్రీ చేత చూపించాలి, ఇన్నేళ్లు జమలో పడి ఉన్న గొట్టంలో తుప్పు ఎంత ఉందో ఎవరికి తెలుసు. పాత తూటాలు ఏవైనా మిగిలి ఉంటే వాటి జోలికి పోవద్దు, దుకాణంలో అప్పగించేయాలి. పరీక్ష కాగితం, పది చిల్లులతో సహా, ఇక్కడ పెట్టాలి. ఎనిమిది సెంటీమీటర్లు వచ్చినా ఇరవై వచ్చినా పెట్టాలి. అంత ఓపిక ఎవరికీ లేకపోతే లైసెన్సు వదిలేసి తుపాకిని చట్టప్రకారం అప్పగించేద్దాం. గురి తెలియని తుపాకిని "గురి తప్పదు" అని చెప్పుకుంటూ అల్మారాలో పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. పెద్దనాయన దీనికి ఇంకా ఔననలేదు, కాదనలేదు. "చూద్దాం తియ్" అన్నారు.

ఇక పేజీ సంగతి. సిరొంచలో, అంకీసాలో, ఆసరెల్లిలో, నది ఇవతల కాళేశ్వరం, మహదేవపూర్ వైపు, బస్తర్ వైపు స్థిరపడ్డ మన ఇళ్లలో వేట కథలు ఇంకా చాలా ఉన్నాయి. రాసేటప్పుడు ఈ నాలుగు చేర్చండి: ఏ తుపాకి, ఎంత దూరం, వెంట ఎవరు ఉన్నారు, మొత్తం ఎన్ని గుండ్లు పేలాయి. ఇంట్లో ఆడవాళ్లను తప్పకుండా అడగండి, తాతలు బయట చెప్పనివి వాళ్లకు చెప్పారు. ఆ దెబ్బతిన్న పంది ఏ వాగు దగ్గర మాయమైందో తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే మొదట అది పంపండి.